ఫ్యాన్ మార్చడం వేరు, పాయింటు వేయడం వేరు

ఇంట్లో పాడైన ఫ్యాన్ మార్చడానికి లైసెన్సు అక్కర్లేదు. అదే ఇంట్లో గీజర్‌కి కొత్త పాయింటు వేయాలంటే కావాలి. తెనాలిలో ఏళ్ల తరబడి వైరింగ్ పనిమీదే బతుకుతున్నాను. ఈ తేడా తెలిసిన ఇంటివాళ్లు నాకు అరుదుగా తగిలారు. మా పనివాళ్లలోనూ చాలామందికి తెలియదు.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది, 2023లో వాటిని కొత్తగా రాసింది. వాటి ప్రకారం బల్బు, ఫ్యాన్, ఫ్యూజు, స్విచ్చి, 250 వోల్టులు దాటని ఇంటి సామాను లోడు పెరగకుండా మార్చుకోవచ్చు. అంతకు మించి ఏం చేసినా, కొత్త పాయింటైనా పాత వైరింగులో మార్పయినా, ఆ పని రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుదే. అర్హత సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి. వైరు ముట్టుకునే మనిషికి పర్మిట్ ఉండాలి.

ఎందుకింత పట్టుదల? గీజర్ సంగతే చూడండి. "పక్కనే బోర్డుంది కదయ్యా, దాంట్లోంచే లాగెయ్" అంటారు. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 యాంపులు లాగుతుంది. ఆ బోర్డుకొచ్చే సన్నటి వైరు లైటుకీ ఫ్యాన్‌కీ వేసింది. అంత కరెంటు రోజూ పారితే గోడలోపలే వేడెక్కి, పైతొడుగు కరిగిపోవచ్చు. గీజర్‌కి మెయిన్ బోర్డు నుంచి వేరే లైను, దానికో ఎంసీబీ, 16 యాంపుల సాకెట్టు, ఎర్తు ఉండాలి.

ఒకింట్లో కుళాయి తిప్పితే చెయ్యి జిల్లుమంటోందని పిలిచారు. కొన్నాళ్లుగా పిల్లలతో సహా అందరూ రబ్బరు చెప్పులేసుకుని స్నానం చేస్తున్నారట. బోర్డు విప్పితే ఆకుపచ్చ ఎర్తు వైరు కత్తిరించి, టేపు చుట్టి, మూలకి మడిచిపెట్టి ఉంది. గీజర్‌లో లీకైన కరెంటు భూమిలోకి పోయే దారి లేక నీళ్లగొట్టంలోకి వచ్చేస్తోంది. అది చూశాక నాకు చాలాసేపు మాట రాలేదు.

పర్మిట్ ఉన్నవాడు పనయ్యాక ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూస్తాడు. 500 వోల్టుల దగ్గర ఇన్సులేషన్ కనీసం ఒక మెగాఓమ్ చూపించాలి. వైరింగ్ మంచిచెడ్డలు మెగ్గర్ ముల్లు చెబుతుంది, కంటికి కనబడవు.

వడ్రంగికి, పెయింటరుకి ఇలాంటి పర్మిట్ నిబంధన లేదు. ఇంట్లో కుళాయి వాషరు మార్చడానికీ అంతే. మునిసిపాలిటీ మెయిన్ పైపు నుంచి కనెక్షన్ తీసుకోవాలంటే మాత్రం మునిసిపాలిటీ అనుమతి తప్పదు.

రిపేరు పనులతో చిన్న వ్యాపారం పెట్టుకునే కుర్రాళ్లకి రెండు ముక్కలు. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్‌లో మీరే చేసుకోవచ్చు, ఎవరికీ రూపాయి ఇవ్వకండి. బ్యాంకు అప్పుకి పనికొస్తుంది. కానీ అది వైరింగ్ చేయడానికి అనుమతి కాదు. గోడకి ఆ సర్టిఫికెట్ కట్టించి పెట్టుకున్నంత మాత్రాన కరెంటు పని ఒప్పుకోకూడదు. సేవల మీద ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం రాదు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగి, తాపీమేస్త్రీ వాటిలో ఉన్నారు. ఎలక్ట్రీషియన్, ప్లంబరు లేరు. రోజూ ప్రాణం పణంగా పెట్టే ఈ ఇద్దరినీ చేర్చాలని నా కోరిక.

ఇంటివాళ్లకి నా మనవి ఒక్కటే. గోడలో వైరు కదిలే పనైతే, రేటు అడగడానికి ముందు పర్మిట్ చూపించమనండి. అడిగితే నొచ్చుకుంటారని మొహమాటపడకండి. పరీక్ష రాసి పర్మిట్ తెచ్చుకున్నవాడు దాన్ని సంతోషంగా చూపిస్తాడు. జనం అడగడం మొదలుపెడితే, లేనివాళ్లూ లైసెన్సింగ్ బోర్డుకి దరఖాస్తు పెట్టుకుంటారు. షాక్ ముందు తగిలేది వాళ్లకే కాబట్టి, పర్మిట్ కోసం చదివే చదువు వాళ్ల ప్రాణానికీ కాపలా.