వార్తల్లో పదం: అఫెక్టివ్ పోలరైజేషన్

విధానాలపై విభేదం సరే, అవతలి పార్టీ మనుషులంటేనే గిట్టకపోవడం ఇది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు శాంతో అయ్యంగార్ బృందం 2012లో అమెరికా సర్వేలతో దీన్ని కొలిచి చూపింది. పిల్లలకు అవతలి పార్టీ ఇంటి సంబంధం కుదిరితే బాధపడతామన్నవారు 1960లో సుమారు 5 శాతమే. 2010 నాటికి రిపబ్లికన్లలో దాదాపు సగం, డెమోక్రాట్లలో మూడోవంతు.

ఇప్పుడు చావులకూ ఇదే తక్కెడ. 2025 జూన్‌లో మిన్నెసోటా డెమోక్రాట్ నేత మెలిస్సా హార్ట్‌మన్‌ను, ఆమె భర్తను ఇంట్లోనే కాల్చి చంపారు. సెప్టెంబరులో యూటా వ్యాలీ యూనివర్సిటీ సభలో సంప్రదాయవాద కార్యకర్త చార్లీ కిర్క్‌ను చంపారు. రెండూ ఒకే ఘోరం. కానీ రెండుసార్లూ అంత్యక్రియలకు ముందే, హంతకుడు మీవాడంటే మీవాడన్న వాదులాట సోషల్ మీడియా నిండా మొదలైంది.