పడవలో రెండు బ్యాటరీలు ఎందుకు?



చీమకుర్తిలో చదివిన మనకు రెండు బ్యాటరీల బండి కొత్తేమీ కాదు. గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు మోసే పెద్ద లారీలకు పక్కపక్కనే రెండు బ్యాటరీలు ఉండటం చూస్తూనే ఉంటాం. ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు కలుపుతారు. 12, 12 కలిసి 24 వోల్టులవుతాయి. మీరు భౌతికశాస్త్రంలో చదివే శ్రేణి సంధానం ఇదే. సముద్రం మీద వేటకు వెళ్ళే చిన్న మోటారు పడవలో కూడా రెండు బ్యాటరీలు పెడతారు. కాని అక్కడి లెక్క వేరు. ఆ లెక్క తెలియకపోతే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

మన హాస్టల్లో చదివిన మిత్రుడొకడు కొత్తపట్నం తీరంలో ఫైబర్ పడవ మీద పనిచేస్తున్నాడు. దానికి సెల్ఫ్ స్టార్ట్ ఉన్న ఔట్‌బోర్డ్ ఇంజిన్ ఉంది. ఒక రాత్రి వల వేసి, ఇంజిన్ ఆపి, లైట్లు, రేడియో, చేపల జాడ చూపే యంత్రం నడుపుకుంటూ ఉన్నారు. తెల్లవారుజామున గాలి తిరిగింది. సెల్ఫ్ కొడితే టక్కుమని శబ్దమే గాని ఇంజిన్ తిరగలేదు. రేడియో కూడా మూగబోయింది. పక్క పడవ వాళ్ళు చూసి మోకు కట్టి లాక్కొచ్చారు కాబట్టి ప్రాణాలతో ఒడ్డున పడ్డారు.

నేను ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తానని నన్ను పిలిపించాడు. “రెండు బ్యాటరీలు ఉన్నాయి కదరా, అయినా ఎందుకిలా అయింది?” అని అడిగాడు. పెట్టె మూత తీసి చూశాను. రెండు ప్లస్‌లను ఒకటిగా, రెండు మైనస్‌లను ఒకటిగా బిగించేశారు. ఇది సమాంతర సంధానం. వోల్టేజి 12 గానే ఉండి సామర్థ్యం రెట్టింపవుతుంది. కాని రెండూ కలిసే ఖర్చవుతాయి, కలిసే అయిపోతాయి. అంటే వాళ్ళ దగ్గర ఉన్నది రెండు బ్యాటరీలు కాదు, ఒక పెద్ద బ్యాటరీ.

శనగ రైతు ఇంట్లో విత్తనపు బస్తా వేరుగా ఉంటుంది. తిండిగింజలు నిండుకున్నా ఆ బస్తా మూతి విప్పరు. పడవలో మొదటి బ్యాటరీ ఆ విత్తనపు బస్తా వంటిది.

ఏ బ్యాటరీ పని దానిదే

మొదటి బ్యాటరీ ఇంజిన్ స్టార్ట్ చేయడానికి మాత్రమే. కొన్ని సెకన్ల పాటు చాలా ఎక్కువ కరెంటు ఇవ్వగలగాలి. దానికి మరే వైరూ తగిలించకూడదు. రెండో బ్యాటరీ లైట్లకు, రేడియోకు, యంత్రాలకు. ఇది గంటల తరబడి కొద్దికొద్దిగా కరెంటు ఇస్తుంది. దీనికి ఇన్వర్టర్ బ్యాటరీలాగా లోతుగా వాడుకోవడానికి తయారైన రకం మంచిది. లారీ బ్యాటరీని రోజూ అడుగంటా వాడితే త్వరగా పాడవుతుంది.

ఛార్జింగ్ ఎలా?

ఇంజిన్ ఒకటే, ఛార్జి చేయాల్సిన బ్యాటరీలు రెండు. కాబట్టి ఇంజిన్ నడిచేటప్పుడు అవి కలవాలి, ఆగగానే విడిపోవాలి. దీనికి మూడు దారులున్నాయి.

మొదటిది చేత్తో తిప్పే స్విచ్. దానిమీద ఒకటి, రెండు, రెండూ, ఆఫ్ అని గుర్తులుంటాయి. ధర తక్కువ. కాని రాత్రి ‘రెండూ’ మీదే మరచిపోతే మా మిత్రుడి కథే మళ్ళీ జరుగుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ‘ఆఫ్’ చేస్తే ఛార్జింగ్ భాగాలు కాలిపోవచ్చు.

రెండోది డయోడ్లు. కరెంటు ఒకవైపే పోతుంది కాబట్టి ఒక బ్యాటరీ ఇంకోదాన్ని ఖాళీ చేయలేదు. అయితే మామూలు సిలికాన్ డయోడ్ దగ్గర సుమారు 0.7 వోల్టు పోతుంది. ఇంజిన్ 14.2 ఇస్తే బ్యాటరీకి 13.5 మాత్రమే చేరుతుంది. రోజూ అరకొరగానే నిండుతుంది.

మూడోది వోల్టేజిని చూసి పనిచేసే రిలే. ఇంజిన్ నడిచి మొదటి బ్యాటరీ వోల్టేజి సుమారు 13.3 దాటగానే రెండింటినీ కలుపుతుంది. ఇంజిన్ ఆగి వోల్టేజి 12.8 దగ్గరికి పడగానే విడదీస్తుంది. మనిషి గుర్తుపెట్టుకోనక్కర లేదు. మేము దీన్నే బిగించాం. రెండు మైనస్‌లను కలిపి, ప్లస్‌ల మధ్య రిలే పెట్టాం. ఆ లావు వైరుకు రెండు చివర్లా, బ్యాటరీలకు దగ్గరగా ఫ్యూజులు వేశాం. ఆపదలో చేత్తో కలుపుకోవడానికి పక్కనే ఒక స్విచ్ కూడా పెట్టాం.

ఒక చిన్న లెక్క

లైట్లు, రేడియో, యంత్రం కలిపి 36 వాట్లనుకోండి. 36ను 12తో భాగిస్తే 3 ఆంపియర్లు. పది గంటలకు 30 ఆంపియర్ అవర్లు. బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు కాబట్టి కనీసం 60, వీలైతే 75 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కావాలి. ఇప్పుడు నింపే లెక్క చూడండి. చిన్న ఇంజిన్ 6 ఆంపియర్లు ఇస్తే రెండు గంటల ప్రయాణానికి 12 మాత్రమే వస్తాయి. మిగతా 18 ఎక్కడివి? రెండో బ్యాటరీ కరెంటును పుట్టించదు, దాచిపెడుతుంది అంతే. లోటును ఒడ్డున ఛార్జర్‌తోనో, సోలార్ పలకతోనో పూడ్చాలి. 50 వాట్ల పలక, మంచి ఎండలో, కంట్రోలర్ ద్వారా రోజుకు సుమారు 15 ఇస్తుంది.

జాగ్రత్తలు

ఛార్జి అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలి ఆడే చోట పెట్టాలి. దగ్గరలో పెట్రోలు గాని నిప్పురవ్వ గాని ఉండకూడదు. అలలకు కదలకుండా పట్టీతో కట్టాలి. ఉప్పుగాలికి రాగి వైరు పచ్చబారిపోతుంది కాబట్టి తగరం పూత ఉన్న వైరు వాడి, టెర్మినళ్ళకు గ్రీజు రాయాలి. లిథియం బ్యాటరీని, ఆసిడ్ బ్యాటరీని ఈ పద్ధతిలో కలపకూడదు.

బయలుదేరే ముందు మీటరు పెట్టి చూడాలి. ఇంజిన్ ఆగి కొన్ని గంటలైన బ్యాటరీ 12.6 చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 చూపితే సగమే ఉన్నట్టు. ఆపదలో పిలవాల్సిన వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానల్ కూడా కరెంటుంటేనే పలుకుతుంది. ఫోను అందే చోట కోస్ట్ గార్డ్ నంబరు 1554.

మేము ఈ పని వేట నిషేధ కాలంలో చేశాం. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పడవలు ఒడ్డునే ఉంటాయి, ఇలాంటి మరమ్మతులకు అదే అదను. తరవాత ఒక రాత్రి రెండో బ్యాటరీ పూర్తిగా దిగిపోయి లైట్లు ఆరిపోయాయట. అయినా ఒక్క సెల్ఫ్‌కే ఇంజిన్ అందుకుందని వాడు ఫోన్ చేసి చెప్పాడు.

తమ్ముళ్ళూ! ఆ పడవలో కొత్తగా పెద్ద యంత్రమేమీ రాలేదు. ఉన్న రెండు బ్యాటరీలను విడదీశాం, అంతే. శ్రేణి, సమాంతర సంధానాల పాఠం వచ్చినప్పుడు పరీక్ష వరకే చదివి వదిలేయకండి. రేపు మీరు క్వారీలో ఉన్నా, సముద్రం మీద ఉన్నా అది పనికొస్తుంది.