ఒక బిరుదము, రెండు కక్షలు

"లిబరల్" అను బిరుదమును రాజకీయములలో మొదట ధరించినవారు ఆంగ్లేయులు కారు. 1812లో కాడిజ్ నగరమున రాజ్యాంగమును రచించిన స్పెయిను దేశీయులు. ఇంగ్లాండులో విగ్గులు, రాడికలులు, పీలు అనుయాయులు 1859లో ఏకమైన పిమ్మట అది యొక మహాకక్షకు నామధేయమయ్యెను. మూలమగు లాటిను పదమునకు స్వతంత్రుడని యర్థము. మనవారు "ఉదార" యని తెనిగించిరి. ఇంగ్లీషున ఆ యర్థమును కలదు గావున అనువాదకులను తప్పుపట్టజాలము. కాని తెలుగువాని చెవికి ఉదారుడనగా దాత. స్వాతంత్ర్యము వెనుకబడి దాతృత్వము ముందునకు వచ్చెను.

చెన్నపురి ఈ పేరుగల కక్షలను రెండింటిని చూచినది. 1916 నవంబరులో పిట్టి త్యాగరాయశెట్టి, టి. ఎం. నాయరు ప్రభృతులు దక్షిణ భారత లిబరల్ ఫెడరేషనును స్థాపించిరి. దాని ఆంగ్లపత్రిక "జస్టిస్" అగుటచే లోకము దానిని జస్టిస్ కక్ష యనియే పిలిచెను. 1918లో మాంటేగు-చెమ్సుఫర్డు సంస్కరణలను స్వీకరింపగోరిన మితవాదులు కాంగ్రెసునుండి విడివడి, బొంబాయిలో జాతీయ లిబరల్ ఫెడరేషనును నెలకొల్పిరి. విజయనగరమున జన్మించి అలహాబాదున "లీడరు" పత్రికను నడపిన సి. వై. చింతామణిగారు 1920, 1931 సంవత్సరములలో దీనికి అధ్యక్షులు.

చింతామణిగారికి ప్రమాణము వ్యక్తి. పౌరుని హక్కు, పత్రికాస్వేచ్ఛ, శాసనసభకు బాధ్యుడగు మంత్రి. సంయుక్తరాష్ట్రములలో గవర్నరుతో భేదించి 1923లో మంత్రిపదవిని వదలుకొనిరి. మదరాసున ముఖ్యమంత్రియైన పానగల్లు రాజాగారికి ప్రమాణము సముదాయము. 1921 నాటి కమ్యూనల్ ఉత్తర్వు ఆ ప్రమాణముపైననే నిలిచినది. తలుపులు మూసియున్న కచేరీలో వ్యక్తిస్వేచ్ఛ యెవరిదని ఆ కక్షవారడిగిరి. ఇదియు లిబరలు ప్రశ్నయేయని మా యభిప్రాయము. అయితే అడిగినవారిలో జమీందారు లనేకులు. తిరువళ్లూరు దాపుననున్న వెంగల్ వంటి పల్లెలలో ఆనాడు ఓటు ఆస్తికిని పన్నునకును కట్టుబడియుండెను. శిస్తు కట్టు పట్టాదారునకు చెల్లినది, వాని పొలమున నాగలి పట్టిన కూలికి చెల్లలేదు. దాతలు తమకంటె క్రిందివారి పక్షమున మాటాడిరేగాని వారిచేత మాటాడింపలేదు. 1937లో బొబ్బిలి రాజాగారు వి. వి. గిరిగారిచేత ఓడిపోయిరి. 1944లో సేలం మహాసభలో కక్ష తన పాతపేరును విడిచి ద్రావిడ కళగమయ్యెను.

పేరు పోయినను వ్యాజ్యము మిగిలెను. వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో ప్రతి 14 స్థానములకు అబ్రాహ్మణ హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో-ఇండియనులకును క్రైస్తవులకును 1, ముసల్మానులకు 1 చొప్పున మదరాసు ప్రభుత్వము పంచుచుండెను. చంపకం దొరైరాజన్ వ్యాజ్యమున 1951 ఏప్రిలులో సుప్రీముకోర్టు దీనిని కొట్టివేసెను. మతమును కులమును బట్టి పౌరునికి ప్రవేశము నిరాకరింపరాదను 29వ అధికరణమే ఆధారము. చింతామణిగారు జీవించియున్నచో తీర్పును మెచ్చియుందురని తోచుచున్నది. కాని మూడునెలలు తిరుగకమున్నే పార్లమెంటు మొదటి సవరణచే 15వ అధికరణమునకు నాల్గవ ఖండమును చేర్చి, వెనుకబడిన వర్గముల యభ్యున్నతికి ప్రత్యేక యేర్పాటులు చేయు నధికారమును రాష్ట్రముల కిచ్చెను. ఆ రెండు వాక్యములును నేటికిని ఒకే రాజ్యాంగమున నున్నవి. న్యాయవాదులు ఉభయపక్షములను వాదించుచునే యున్నారు.