పొరుగు రాష్ట్రంలో పడిన టికెట్

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి షార్లెట్‌లో ఉన్న బంధువుల ఇంటికి కారులో బయల్దేరితే మధ్యలో వర్జీనియా దాటాలి. పీటర్స్‌బర్గ్ దగ్గర ఐ-95 వదిలి ఐ-85 ఎక్కాక రోడ్డు ఖాళీగా ఉంటుంది. రెండు వైపులా చెట్లు, వేగ పరిమితి 70 మైళ్లు. అక్కడ 86లో వెళ్తూ పట్టుబడితే అది మామూలు స్పీడింగ్ కాదు. వర్జీనియా చట్టంలో పరిమితి మీద 20 మైళ్లు ఎక్కువైనా, పరిమితి ఎంతైనా సరే 85 దాటినా రెక్‌లెస్ డ్రైవింగ్ కిందికి వస్తుంది. 2020 జూలై దాకా ఆ గీత 80 దగ్గరే ఉండేది. ఇది క్లాస్ 1 మిస్‌డిమీనర్, అంటే క్రిమినల్ నేరం. గరిష్ఠ శిక్ష 12 నెలల జైలు, 2,500 డాలర్ల జరిమానా. టెక్సస్‌లో ఆస్టిన్, సెగీన్ మధ్య ఉన్న ఎస్‌హెచ్ 130 టోల్ రోడ్డు మీద 85 అన్నది చట్టబద్ధమైన వేగం. అదే అంకె, ఒక్క మైలు దాటితే, వర్జీనియాలో మనిషిని క్రిమినల్ కోర్టు ముందు నిలబెడుతుంది.

పొరుగు రాష్ట్రంలో టికెట్ పడగానే మనవాళ్లలో ఎక్కువమంది చూసేది డాలర్ల అంకె. రూమ్మేటును అడిగితే "ఏం కాదురా, ఆన్‌లైన్లో కట్టేసెయ్, పీడ పోతుంది" అంటాడు. ఇంకొకరు "మళ్లీ ఆ రాష్ట్రానికి వెళ్తావా ఏంటి, వదిలెయ్" అంటారు. మంచి మనసుతోనే చెబుతారు గానీ రెండు సలహాలూ ప్రమాదకరమే. ఆ కాగితం మీద ముందు చూడాల్సింది ఏ సెక్షన్ రాశారో, కోర్టు తేదీ ఎప్పుడో. డబ్బు సంగతి ఆ తరువాత.

పోలీసు అధికారి సంతకం అడిగితే పెట్టండి. అది తప్పు ఒప్పుకోవడం కాదు, పిలిచిన తేదీకి హాజరవుతాననో, గడువులోగా జవాబిస్తాననో ఇచ్చే మాట. వాదన ఏమైనా ఉంటే దాన్ని కోర్టులో చెప్పుకోవాలి, రోడ్డు పక్కన కాదు.

సెక్షన్ చూసుకుంటే టికెట్ ఏ రకమో తెలుస్తుంది. ఇన్‌ఫ్రాక్షన్ అయితే జరిమానాతో పోయే ఉల్లంఘన. మిస్‌డిమీనర్ అయితే జైలుకు వీలున్న నేరం. ఈ గీత ఒక్కో రాష్ట్రంలో ఒక్కోచోట ఉంది. నార్త్ కరొలైనాలో పరిమితి మీద 15 మైళ్లకు మించినా, 80 దాటినా మిస్‌డిమీనరే. సొంత రాష్ట్రంలో ఎన్నేళ్లు డ్రైవ్ చేసిన అనుభవమైనా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే వర్తించేది టికెట్ పడిన చోటి చట్టం.

ఇన్‌ఫ్రాక్షన్‌కు సాధారణంగా కోర్టు వెబ్‌సైటులో డబ్బు కట్టే వీలుంటుంది. అయితే దాదాపు అన్ని చోట్లా ఆ డబ్బు కట్టడమంటే నేరం ఒప్పుకున్నట్టే. కట్టాక మనసు మార్చుకుని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. అందుకే కట్టే ముందు ఆ కోర్టు క్లర్కుకు ఫోన్ చేసి, వేరే దారులేమైనా ఉన్నాయా అని అడగాలి. ఉంటాయి కూడా. టెక్సస్‌లో డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు చేసి కేసు కొట్టేయించుకునే సౌకర్యం ఉంది. సైనికులను మినహాయిస్తే టెక్సస్ లైసెన్స్ ఉన్నవారికే అది వర్తిస్తుంది. ఓక్లహోమా లైసెన్సుతో డ్యాలస్‌లో పట్టుబడినవారు డిఫర్డ్ డిస్పొజిషన్ కోరవచ్చు. జడ్జి ఒప్పుకుంటే, పెట్టిన గడువులో మరో తప్పు లేకుండా ఉంటే కేసు పోతుంది. కాలిఫోర్నియాలో ఇన్‌ఫ్రాక్షన్‌ను కాగితం మీదే వాదించుకోవచ్చు. జరిమానా మొత్తాన్ని ముందుగా డిపాజిట్ చేసి, మన కథనం రాసి పంపితే జడ్జి తీర్పు చెబుతారు. ఓడిపోతే 20 రోజుల్లో మళ్లీ మొదటి నుంచి విచారణ కోరే హక్కు ఉంది. అరిజోనా నుంచి లాస్ ఏంజిలస్ దాకా మళ్లీ వెళ్లలేనివారికి ఇది నిజంగా ఉపయోగపడే దారి.

మిస్‌డిమీనర్ అయితే నా సలహా ఒకటే: ఆ కౌంటీ కోర్టులో రోజూ వాదించే లాయరును పెట్టుకోండి. ఎడిసన్‌లోని లాయర్ ఎంత పేరున్నవారైనా వర్జీనియాలోని డిన్‌విడీ కౌంటీ జడ్జి పద్ధతులు ఆయనకు తెలియవు. ఫీజు మాట్లాడేటప్పుడే మూడు సంగతులు తేల్చుకోవాలి. ఒకటి, వాయిదా పడితే మళ్లీ ఫీజు అడుగుతారా. రెండు, నేను రాకుండా మీరొక్కరే హాజరైతే సరిపోతుందా. మూడు, దీన్ని ఇన్‌ఫ్రాక్షన్‌కు తగ్గించే ప్రయత్నం చేస్తారా. ఈ మూడోది అన్నిటికంటే ముఖ్యం. వర్జీనియాలో రెక్‌లెస్ కేసును జడ్జి ఇంప్రాపర్ డ్రైవింగ్‌గా తగ్గించవచ్చు. అది ఇన్‌ఫ్రాక్షన్, జరిమానా 500 డాలర్లు దాటదు. తగ్గకుండా శిక్ష పడితే మాత్రం ఆ రెక్‌లెస్ వర్జీనియా డ్రైవింగ్ రికార్డులో 11 ఏళ్లు ఉంటుంది.

విచారణకు ముందు చేసుకోగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. సొంత రాష్ట్రం నుంచి డ్రైవింగ్ రికార్డు తెప్పించుకోవాలి, అది శుభ్రంగా ఉంటే జడ్జి లెక్కలోకి తీసుకుంటారు. కారు స్పీడోమీటరును మెకానిక్ దగ్గర పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోవచ్చు. వర్జీనియా చట్టం దాన్ని సాక్ష్యంగా అనుమతిస్తుంది. మీటర్ తక్కువ చూపిస్తోందని తేలితే అది గట్టి ఆధారం. జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో తీర్పు ప్రతికూలంగా వస్తే పది రోజుల్లో సర్క్యూట్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు, అక్కడ విచారణ మళ్లీ కొత్తగా జరుగుతుంది.

ఇక సొంత రాష్ట్రానికి ఈ సంగతి ఎలా చేరుతుంది? రాష్ట్రాల మధ్య డ్రైవర్ లైసెన్స్ కాంపాక్ట్ అనే ఒప్పందం ఉంది. జార్జియా, మిషిగన్, విస్కాన్సిన్, మసాచుసెట్స్, టెనెసీ దీంట్లో చేరలేదు, మిగతావి దాదాపు అన్నీ ఉన్నాయి. చేరకపోయినంత మాత్రాన సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం ఆగదు. వచ్చిన సమాచారంతో ఏం చేయాలో మాత్రం ఎవరికి వారు నిర్ణయించుకుంటారు. న్యూజెర్సీ బయటి రాష్ట్రపు మూవింగ్ వయొలేషన్‌కు 2 పాయింట్లు వేస్తుంది. న్యూయార్క్ క్రిమినల్ కాని బయటి టికెట్లకు పాయింట్లు వేయదు, కెనడాలోని ఒంటారియో, క్విబెక్‌లలో పడినవాటికి తప్ప. పాయింట్లు లేకపోయినా శిక్ష రికార్డులోకి ఎక్కితే ఇన్సూరెన్స్ కంపెనీ ప్రీమియం పెంచవచ్చు. కొన్నేళ్లలో ఆ పెంపు అసలు జరిమానాను మించిపోవచ్చు.

కెమెరా టికెట్ల సంగతి వేరు. మేరీల్యాండ్, వాషింగ్టన్ డీసీ స్పీడ్ కెమెరాలు నోటీసు పంపేది కారు యజమానికి, వాటికి పాయింట్లు ఉండవు. వాటిని గడువులో కట్టేయవచ్చు.

వదిలేస్తే ఏమవుతుందన్నది తెలియకే చాలామంది చిక్కుల్లో పడుతున్నారు. 1977 నాటి నాన్‌రెసిడెంట్ వయొలేటర్ కాంపాక్ట్ ప్రకారం, జవాబివ్వని డ్రైవరు గురించి టికెట్ ఇచ్చిన రాష్ట్రం సొంత రాష్ట్రానికి రాస్తుంది. సొంత రాష్ట్రం ఆ పాత లెక్క తేలేదాకా లైసెన్సును సస్పెండ్ చేస్తుంది. కాలిఫోర్నియా, మిషిగన్ లాంటి కొన్ని తప్ప ఎక్కువ రాష్ట్రాలు దీంట్లో ఉన్నాయి. సస్పెన్షన్ ఉత్తరం లైసెన్స్ మీదున్న చిరునామాకు వెళ్తుంది. ఏటా అపార్ట్‌మెంట్ మారే విద్యార్థికి, ప్రాజెక్టు మారినప్పుడల్లా ఊరు మారే ఉద్యోగికి అది చేరదు. లైసెన్స్ చెల్లదని తెలియకుండానే బండి నడుపుతుంటారు. తరువాత టెయిల్ లైట్ పోయిందని ఆపినా, సస్పెండైన లైసెన్సుతో నడిపిన నేరం మీద పడుతుంది. ఇల్లు మారితే ఇమిగ్రేషన్ వారికి పది రోజుల్లో ఏఆర్-11 పంపాలని మనవాళ్లకు గుర్తుంటుంది, డీఎంవీకి చెప్పడం మరిచిపోతారు.

జార్జియాలో ఈ చిరునామా ఇబ్బంది ఇంకో రూపంలో వస్తుంది. అక్కడ 2010 నుంచి సూపర్ స్పీడర్ చట్టం ఉంది. రెండు లేన్ల రోడ్డు మీద 75, మరే రోడ్డు మీదైనా 85, ఆపైన వెళ్లి శిక్ష పడితే, కోర్టు జరిమానా కాక 200 డాలర్లు రాష్ట్రానికి కట్టాలి. బయటి రాష్ట్రాలవారికీ వర్తిస్తుంది. ఆ నోటీసు కోర్టు నుంచి కాక డ్రైవర్ సర్వీసెస్ శాఖ నుంచి విడిగా వస్తుంది. కోర్టులో కట్టేసి పని అయిపోయిందనుకున్నవారికి ఈ రెండో ఉత్తరం ఉందనే తెలియదు.

ఇండియా లైసెన్సుతోనే నడిపేవారు తమ రికార్డు ఎక్కడా లేదనుకోకూడదు. టికెట్ పడిన రాష్ట్రం వారి పేరు మీద కొత్త రికార్డు తెరుస్తుంది. జవాబివ్వకుండా సస్పెన్షన్ దాకా వస్తే, రేపు అమెరికా లైసెన్స్ తీసుకోబోయినప్పుడు నేషనల్ డ్రైవర్ రిజిస్టర్‌లో ఆ పేరు కనబడి అడ్డుపడుతుంది.

వీసా మీద ఉన్నవారి విషయంలో నాకు మరింత ఆందోళన. వీసా స్టాంపింగ్‌కు నింపే డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని ఉంటుంది. రెక్‌లెస్‌లో శిక్ష పడినవారు అక్కడ 'అవును' అనాల్సిందే. గ్రీన్ కార్డు ఫారం ఐ-485 సైటేషన్ గురించి కూడా అడుగుతుంది. ఒక్క స్పీడింగ్ కేసుతో వీసా పోతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. దాచిపెట్టడం మాత్రం అసలు తప్పుకన్నా పెద్ద తప్పవుతుంది. 2025 వసంతంలో ఏం జరిగిందో మన విద్యార్థులు మరచిపోలేరు. అధికారులు సుమారు 13 లక్షల విదేశీ విద్యార్థుల పేర్లను ఎఫ్‌బీఐ నిర్వహించే ఎన్‌సీఐసీ డేటాబేసులో వెతికించారు. సుమారు 6,400 పేర్లు తగిలాయి. వేలమంది విద్యార్థి హోదాను నమోదు చేసే సెవిస్ రికార్డులు రద్దయ్యాయి. అందులో చిన్న ట్రాఫిక్ కేసులవారు, కేసు కొట్టేసినవారు కూడా ఉన్నారు. కోర్టుల్లో పోరాడాక ఏప్రిల్ చివరిలో పునరుద్ధరణ మొదలైంది. అందుకే మిస్‌డిమీనర్ ఉన్న ప్రతి వీసాదారూ ట్రాఫిక్ లాయరుతో పాటు ఇమిగ్రేషన్ లాయరుకూ ఆ కాగితం చూపించాలి. అదీ తీర్పు వచ్చాక కాదు, ప్రాసిక్యూటర్‌తో ఒప్పందానికి తలూపక ముందే.

కేసు ముగిశాక, అది ఎలా ముగిసిందో చెప్పే సర్టిఫైడ్ డిస్పొజిషన్‌ను కోర్టు క్లర్కు దగ్గర తీసుకోండి, కనీసం రెండు ప్రతులు. కొన్నేళ్లు గడిచాక చాలా కోర్టులు చిన్న కేసుల ఫైళ్లు తీసేస్తాయి. గ్రీన్ కార్డు ఇంటర్వ్యూ నాటికి అడిగితే దొరకకపోవచ్చు. నెలా రెండు నెలలు ఆగి సొంత రాష్ట్రపు డ్రైవింగ్ రికార్డును మళ్లీ తెప్పించుకుని, కోర్టు చెప్పిన సెక్షనే అక్కడా ఎక్కిందో లేదో సరిపోల్చండి. తేడా ఉంటే ఆ సర్టిఫైడ్ ప్రతి జత చేసి డీఎంవీకి రాయాలి.