మీటరు దీపాన్ని లెక్కపెట్టండి

మొఘల్‌పురా వంటి పాతబస్తీ సందుల్లో పాత ఇల్లు తీసి కొత్తగా అంతస్తులు వేస్తే, మెట్ల కింద నాలుగైదు కరెంటు మీటర్లు వరుసగా కనబడతాయి. వాటిలో మన వాటా మీటరు ఏది? కొత్త ఇల్లు కొన్నవారు ముందుగా తేల్చుకోవలసింది ఇదే. “అదేనండీ మీది” అని వేలితో చూపితే చాలదు.

ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర దీపం మిణుకుమంటూ ఉంటుంది. పక్కన 3200 అని రాసి ఉందనుకోండి. అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ ఖర్చయిందన్నమాట. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు వాడుకునే శక్తే ఒక యూనిట్. కనుక ఇస్త్రీపెట్టె పెట్టగానే ఏ మీటరు దీపం నిమిషానికి సుమారు 53 సార్లు మిణుకుమంటుందో అదే మనది. (పూర్వపు మీటర్లలో అల్యూమినియం పళ్లెం తిరిగేది. చూడటానికి అదే బాగుండేది!)

ఇప్పుడు స్విచ్చులన్నీ ఆపి, ప్లగ్గులు తీయండి. మిణుకు ఆగిపోవాలి. ఆగక, నిమిషానికి రెండుసార్లు వస్తోందా? గంటకు 120. దానిని 3200తో భాగిస్తే 0.0375 యూనిట్, అంటే 37.5 వాట్లు రాత్రింబవళ్లు ఖర్చవుతున్నాయి. నెలకు 27 యూనిట్లు! మెట్ల దీపమో, పొరుగువాటా తీగో మన మీటరుకు కలిసి ఉండవచ్చు. లేదా తొడుగు చెడిన తీగనుండి కరెంటు గోడలోకి కారుతూ ఉండవచ్చు. ఇది ప్రాణాపాయం. తీగలు మీరు ముట్టుకోక, పెద్దలచేత ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

నీటి మీటరుకూ ఇదే పరీక్ష: కుళాయిలన్నీ కట్టేసినా, తొట్టి నిండినా చక్రం తిరుగుతుంటే గొట్టం ఎక్కడో కారుతోంది.

ఇక బాకీల సంగతి. పాత బాకీ తీరిస్తేనే కొత్త యజమానికి కరెంటు ఇస్తామనే నిబంధన చెల్లుతుందని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందువలన కొనేముందే చివరి బిల్లు, రసీదు అడగాలి. తాళాలు అందుకున్న రోజున మీటరు అంకెలు రాసి, అమ్మినవారి సంతకం తీసుకోవాలి.