కారు కుంగింది

కిందటి వేసవిలో నేను కాలిఫోర్నియా వెళ్ళేసరికి మా మేనల్లుడు తన టెస్లా మోడల్ 3 కారుకు పొట్టి స్ప్రింగులు వేయించే హడావిడిలో ఉన్నాడు. కారు అంగుళం కిందికి దిగుతుందట.

"ఎందుకురా?" అన్నాను.

"అందం, మామయ్యా! మలుపుల్లో ఒరగదు. ఎదురుగాలి తాకిడి కూడా కాస్త తగ్గుతుంది."

ఛందస్సు చెప్పుకునేవాణ్ణి, నాకు స్ప్రింగుల సంగతేం తెలుసు? అయినా వెంట వెళ్ళాను. మెకానిక్కు జాకీని ఎక్కడపడితే అక్కడ పెట్టలేదు. అడుగున నాలుగే చోట్లు. అక్కడ రబ్బరు బిళ్ళలు ఆనించి మెల్లగా లేపాడు. వంగి చూద్దును గదా, చక్రాల నడుమ అంతా ఒకటే పలక. అదే బ్యాటరీ! పెట్రోలు కారు నేలకు రాచుకుంటే ఏ సైలెన్సరో పోతుంది; ఇక్కడ రాచుకునేది కారు ప్రాణమే. ఆ బరువు అడుగున ఉండబట్టే ఈ కారు మలుపుల్లో ముందే నిలకడగా ఉంటుంది. మరి ఇంకా దించడమెందుకో!

నేలకూ కారుకూ ఉన్న ఎడమే 5.5 అంగుళాలు. మన దేశంలో నిబంధన ప్రకారం కట్టే గుండ్రటి స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. అలా ఏటవాలుగా ఉంటే దాటవచ్చు. మా వీధిలోలాగా గట్టు పోసినట్టు ఉందా, కడుపు కోతే!

దించాక వెనకచక్రాలు పైవైపున లోపలికి వాలాయి. సరిచేయకుంటే టైర్లు లోపలి అంచున అరిగిపోతాయట. దానికి వేరే కడ్డీలు, వేరే ఖర్చు.

ఇంటికి రాగానే మా అక్కయ్య ఎక్కబోయి, "ఇదేమిట్రా, పీట మీద కూర్చున్నట్టుంది!" అంది.

వాడు మాట్లాడలేదు. పాత స్ప్రింగులు మాత్రం అట్టపెట్టెలో భద్రంగా కట్టి మంచం కింద పెట్టాడు.