తుఫాను వెళ్ళాక వచ్చే మొదటి నీరు



ముందుగా మూడు తేదీలు గుర్తు చేస్తున్నాము. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటి మన జిల్లాను కూడా అతలాకుతలం చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానాన్ని నేలమట్టం చేసింది. మూడూ దాదాపు ఒకే తేదీన వచ్చాయి. 2021లో గులాబ్ ఇంకా ముందే, సెప్టెంబరు 26న, కళింగపట్నం దగ్గర తీరం దాటింది. కాబట్టి తుఫాను మనకు చెప్పకుండా వచ్చే చుట్టం కాదు. అది వచ్చే కాలం మనకు తెలుసు.

గాలి తగ్గితే గండం గడిచిందని అందరం అనుకుంటాము. వార్డులో మేము చూసేది వేరు. గాలివాన రోజున దెబ్బలు తగిలినవారు వస్తారు. వాంతులు, విరేచనాలతో పిల్లలు, ముసలివారు వచ్చేది ఆ తరువాత మూడు రోజులకో, వారానికో. హుద్‌హుద్ తరువాత ఒకే వీధి నుండి ఇలా నలుగురైదుగురు వచ్చారు. ఏ నీరు తాగారని అడిగాము. "ఇన్నాలకి కులాయి ఒచ్చింది కదా సిస్టరమ్మా, ఉన్న బిందెలన్నీ నింపేసినాం" అన్నది ఒక తల్లి. ఆమె తప్పేమీ లేదు. ఆ మొదటి నీరు పట్టవద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మేమూ ముందుగా చెప్పలేదు. అందుకే ఇప్పుడు వ్రాస్తున్నాము.

మొదటి నీరు ఎందుకు ప్రమాదం?

మన జిల్లాలో చాలా ఊళ్ళకు నీరు బోర్ల నుండి, చంపావతి వంటి ఏటి ఇసుకలో తవ్విన ఊట బావుల నుండి వస్తుంది. మోటారు తోడితే ట్యాంకు నిండుతుంది, ట్యాంకు నుండి పైపుల ద్వారా కుళాయికి చేరుతుంది. పైపు నిండుగా ఉన్నంతకాలం ఎక్కడైనా చిల్లు ఉంటే నీరు బయటికి కారుతుంది. కరెంటు పోయి పైపు ఖాళీ అయితే సంగతి తిరగబడుతుంది. బయట నిలిచిన వాననీరు, మురుగు అదే చిల్లులోంచి లోపలికి చేరుతుంది. నాలుగు రోజుల తరువాత కరెంటు రాగానే ఆ మురికే ముందుగా మన బిందెలో పడుతుంది. నీరు తేటగా కనిపించినా నమ్మరాదు. కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్ల క్రిములు కంటికి కనబడవు.

ఊరు ముందుగా చేయవలసినవి

సెప్టెంబరు మొదటి వారంలోనే పెద్దలు పంచాయతీ కార్యదర్శిని, సర్పంచి గారిని కలిసి ఈ పనులు అడగండి. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళినా చాలు.

1. ట్యాంకు కడిగించాలి. మూత సరిగా ఉన్నదా చూడాలి.
2. మురుగు కాలువలో నుండి పోయే పైపులు, కారుతున్న కుళాయి గుంటలు గుర్తించి బాగుచేయించాలి.
3. చేతిబోరు చుట్టూ సిమెంటు గట్టు పగుళ్ళు పూడ్చాలి. కరెంటు లేనప్పుడు ఊరిని ఆదుకునేది అదే.
4. మోటారు నడపడానికి జనరేటరు ఎక్కడ దొరుకుతుందో, డీజిలు ఎవరు తెస్తారో ముందే అనుకోవాలి. తుఫాను హెచ్చరిక రాగానే ట్యాంకు నిండా నింపించాలి.
5. బ్లీచింగ్ పౌడరు తాజాది తెప్పించి, తేమ తగలకుండా మూత బిగించి ఉంచాలి. తేమ తగిలినది, పాతబడినది బలం కోల్పోతుంది.

మంచి పౌడరు వెయ్యి లీటర్ల నీటికి సుమారు 2.5 గ్రాములు పడుతుంది. అంటే 40,000 లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. దానిని బకెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. గంట ఆగి నీరు వదలాలి. నీరు మురికిగా ఉంటే మందు ఎక్కువ పడుతుంది. అందుచేత కొలత ఒక్కటే చాలదు, పరీక్ష చేయాలి. తుఫాను తరువాత ఊరి చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే మంచిది. చివరి ఇంటికి మందు చేరిందంటే ఊరంతటికీ చేరినట్లే.

ఇంట్లో చేయవలసినవి

హెచ్చరిక వినగానే మూత ఉన్న బిందెలు, డ్రమ్ములు కడిగి నింపుకోండి. త్రాగడానికి, వంటకు మనిషికి రోజుకు కనీసం 4 లీటర్లు లెక్క వేసుకోండి. క్లోరిన్ మాత్రలు ఆశా కార్యకర్తను అడిగి తెచ్చుకోండి. అర గ్రాము మాత్ర 20 లీటర్ల బిందెకు సరిపోతుంది. మాత్రల సైజులు వేరువేరుగా ఉంటాయి కనుక పాకెట్టు మీద చదవండి. నీరు మడ్డిగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టి, తరువాత మాత్ర వేసి, గంట ఆగి త్రాగండి.

కుళాయి మళ్ళీ వచ్చినప్పుడు మొదటి నీరు వదిలేయండి. వాసన, రంగు పోయాక పట్టండి. పట్టిన నీటిని సలసల మరిగాక ఇంకో అయిదు నిమిషాలు కాచి, అదే గిన్నెలో మూత పెట్టి చల్లార్చండి. చేయి ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తీయండి. వరద నీటిలో మునిగిన చేతిబోరు నీటిని, మందు వేసి పరీక్షించేవరకు త్రాగవద్దు.

విరేచనాలు మొదలైతే

కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఓ.ఆర్.ఎస్. పాకెట్టు మొత్తం కలిపి కొంచెం కొంచెంగా త్రాగించండి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపవద్దు. గంజి నీళ్ళలా విరేచనం అవుతున్నా, రక్తం పడినా, కళ్ళు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా ఇంటి వైద్యంతో కాలం గడపకుండా ఆసుపత్రికి తీసుకురండి. 108కు ఫోను చేయండి.

నీరు చెడడానికి తుఫానే రానక్కరలేదు. 2024 అక్టోబరులో మన పొరుగున ఉన్న గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. ఆ కుటుంబాలలో మన బంధువులు, తెలిసినవారు ఉన్నారు. తుఫానును ఆపడం మన చేతిలో లేదు. ట్యాంకు కడిగించడం, మొదటి నీరు పారబోయడం మన చేతిలో ఉన్నవే. ఈ పేజీ చదివినవారు చదువురాని పక్కింటివారికి ఒకసారి చదివి వినిపించండి.